మబ్బుని అడిగి బయల్దేరు

కాత్ర్ బోర్న్, మారిషస్
జూలై నెల, ఆదివారం

చిరంజీవి లావణ్యకు,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాం. ఎనిమిది రోజులు, పదకొండు కొండలు, గంటకో గడి, గడికో రంగు. మీ మావయ్య కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "మన పిల్ల సెలవుకొస్తోందా, ఆడిట్‌కొస్తోందా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. రెండోరోజు గడికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాలేదు. పొద్దున ల మోర్న్, మధ్యాహ్నం బ్లాక్ రివర్ శిఖరం, సాయంత్రం జలపాతం అని రాశావు! అందుకే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఇంత ఉత్తరం రాస్తున్నాను. ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకో.

ముందు ఆ షీటులో తారీఖులు కొట్టేసెయ్. కొండల పేర్లు ఉండనీ. ఏ రోజు ఏ కొండన్నది పొద్దున్నే ఆరింటికి మా మేడమీద నించుని మబ్బుని చూశాక తేలుతుంది. ఈ ద్వీపం మొత్తం కలిపి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. కానీ ఇందులో రెండు మూడు వాతావరణాలున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగ్నేయం నించి గాలి వీస్తుంది. సముద్రం మీద తడి మోసుకొచ్చి మధ్యలో ఉన్న మెట్టమీద దింపేస్తుంది. అవతల పడమటి వైపుకి పోయేసరికి దాని దగ్గర పెద్దగా నీళ్ళు మిగలవు. మెట్టమీది క్యూర్‌పీప్‌లో గొడుగు వేసుకుని బయల్దేరి, గంట తిరిగేసరికి ల మోర్న్‌లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాం. కాబట్టి మెట్ట మీద మబ్బు కూర్చుంటే మనం పడమరకి పోదాం. ఆకాశం తేటగా ఉన్న రోజుని మధ్య కొండలకి ఇద్దాం. గాలి మరీ ఎక్కువగా ఉంటే కొండ మానేసి దక్షిణపు ఒడ్డున నడుద్దాం, అలలు బాగుంటాయి. పదహారేళ్ళుగా నా పద్ధతి ఇదే. దీనివల్ల అనుకున్న రోజున అనుకున్న కొండ ఎక్కింది తక్కువే, ఎక్కిన కొండ నించి ఏమీ కనిపించకుండా తిరిగొచ్చింది మాత్రం రెండేసార్లు.

నువ్వూ నీ స్నేహితురాళ్ళూ వచ్చే ఆగస్టు ఇక్కడ శీతాకాలం. నడకకి ఇంతకంటే మంచి నెలలు లేవు. జనవరి నించి మార్చి దాకా తుపానుల భయం, ఎండ, ఉక్క. ఆగస్టులో ఆ బాధలేవీ లేవు గానీ పొద్దు పొట్టిగా ఉంటుంది. ఆరయ్యేసరికి చీకటి. హైదరాబాదు అలవాటున పది దాటాక తీరిగ్గా బయల్దేరదాం అనకు. ఒక స్వెటర్ తెచ్చుకో. "ఐలాండుకి స్వెటరేంటత్తయ్యా" అని పోయినసారి మీ తమ్ముడు నవ్వి, క్యూర్‌పీప్‌లో మావయ్య కోటు అడిగి తీసుకున్నాడు.

మొదటి రోజు కొండ లేదు. విమానం దిగిన కాళ్ళు వాచి ఉంటాయి. సాయంత్రం త్రూ ఓ సెర్ దగ్గరికి తీసుకెళ్తాను. క్యూర్‌పీప్ ఊరి మధ్యలోనే ఉన్న చల్లారిన అగ్నిపర్వతపు నోరు అది. అడ్డం 350 మీటర్లు ఉంటుంది. అంచు చుట్టూ రోడ్డుంది, పెద్దవాళ్ళు సాయంత్రం వాకింగుకొస్తారు. లోపల నిప్పు ఉంటుందనుకుని తొంగిచూస్తే చెట్లూ, అడుగున కాసిని నీళ్ళూ కనిపిస్తాయి. నిరాశపడకు. అక్కణ్ణించి చాలా కొండలు వరసగా కనిపిస్తాయి, నీకు పరిచయం చేస్తాను.

ఈ కొండల రాయి గురించి ఒక మాట. కొవ్వూరు నించి దేవరపల్లి వెళ్ళేటప్పుడు పంగిడి, గౌరీపట్నం దగ్గర క్రషర్లు గుర్తున్నాయా? చిన్నప్పుడు ఆ దుమ్ముకి మీ నాన్నా నేనూ బస్సు కిటికీ మూసేసేవాళ్ళం. ఆ నల్ల కంకర మామూలు రాయి కాదు, లావా గడ్డకట్టిన బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట దక్కను అంతా పరుచుకున్న లావాకి చెందిందే అదీ అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. వికారాబాదు గుట్టలూ, ఆదిలాబాదు నల్లరేగడీ ఆ లావా చలవే. భూమి అడుగున పొయ్యి ఒక్కచోటే ఉంది, పైన పెనం జరుగుతూ పోయింది. మన దేశం ఉత్తరానికి జరిగిపోయాక, అదే పొయ్యి మీదికి వచ్చిన సముద్రపు నేలమీద సుమారు 80 లక్షల ఏళ్ళ కిందట ఈ మారిషస్ లేచింది. ఇప్పుడు ఆ పొయ్యి పక్కనున్న రీయూనియన్ కింద ఉంది, అక్కడి కొండ ఇంకా కక్కుతూనే ఉంది. అంటే నువ్విక్కడ చెయ్యి ఆనించే రాయి మన పంగిడి రాయికి చెల్లెలు. ఈ సంగతి తెలిసిన రోజు నేను రాత్రి పదకొండింటికి అన్నయ్యకి ఫోను చేశాను. "ఇంత రాత్రివేళ కంకర గురించా?" అని పెట్టేశాడు.

ఇక ల మోర్న్. నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలమీద ఒక్కటే నించున్న నల్లటి కొండ. ఎత్తు 556 మీటర్లు. ఈ అంకె చూసే అందరూ మోసపోతారు, మేమూ మోసపోయాం. వచ్చిన కొత్తలో మీ మావయ్య, "అలిపిరి నించి మూడువేల అయిదువందల మెట్లెక్కిన వాళ్ళం, ఇదో లెక్కా!" అని తొమ్మిదిన్నరకి బయల్దేరదీశారు. మెట్లకీ రాయికీ తేడా ఆ రోజు తెలిసింది. సగందాకా జీపు పోయేంత వెడల్పు దారి, చెట్ల నీడ, కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. అక్కడ లగూన్ అంతా కనిపించే చోటొకటి వస్తుంది, బోలెడుమంది అక్కడే ఫోటోలు తీసుకుని వెనక్కి వస్తారు. వాళ్ళని చూసి జాలిపడకు, చాలా దృశ్యం అక్కడే దొరికిపోతుంది. దాని తర్వాత దారి పోయి రాయి వస్తుంది. చేతులూ కాళ్ళూ నాలుగూ ఆనించి ఎక్కాలి. ఆ రాయిలో ఎప్పుడో లావా బుడగలు పేలిన చిన్న చిన్న గుంటలుంటాయి, ఇడ్లీ పిండి పొంగినట్టు. వేళ్ళకి పట్టు దొరుకుతుంది, అరచేతి తోలు మాత్రం లేచిపోతుంది. పొద్దున ఏడింటికి చల్లగా ఉండే ఆ రాయి పదకొండింటికి పెనమై కూర్చుంటుంది.

ఎక్కడం ఎలాగో ఎక్కేశాం. దిగేటప్పుడు ఒక నున్నటి బండ దగ్గర మావయ్య కాళ్ళు కదల్లేదు. కింద ఖాళీ, దాని కింద సముద్రం. వెనకాల పదిమంది క్యూ. అరగంటసేపు ఆయన ఆ బండమీద కూర్చునే, ప్యాంటు వెనకభాగం కొండకి సమర్పించుకుంటూ దిగారు. ఇక్కడి కుర్రాడొకడు పక్కన నించుని, మెల్లిగా, మెల్లిగా అని వాళ్ళ క్రియోల్లో అంటూ ఒక్కో పాదం ఎక్కడ పెట్టాలో చేత్తో పట్టుకుని చూపించాడు. అతను చెప్పిందే నీకూ చెప్తున్నాను: నిటారు చోట సముద్రం వైపు తిరిగి దిగకు, కొండవైపు మొహం పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగు. ఒకసారికి ఒక చెయ్యో ఒక కాలో మాత్రమే కదుపు, మిగతా మూడూ రాయిమీద ఉండాలి. సెల్ఫీ స్టిక్కు కారులో వదిలెయ్.

ఆ దారి ఒక ఇనుప శిలువ దగ్గర ఆగిపోతుంది. అసలు శిఖరం ఇంకా అవతలుంది. దానివైపు కన్నెయ్యకు. శిలువ దగ్గర కూర్చుంటే పగడపు దిబ్బ గీత, దాని లోపల లేతనీలం, బయట ముదురునీలం చక్కగా విడివిడిగా కనిపిస్తాయి. నువ్వు షీటులో రాసిన 'సముద్రంలో జలపాతం' మాత్రం అక్కణ్ణించి కనబడదు. అది ఇసుకా మట్టీ లోతులోకి జారడంవల్ల కలిగే భ్రమ, గాల్లో పైనించి చూస్తేనే ఆ రూపు వస్తుంది. ఇంటర్నెట్‌లో ఫోటోలన్నీ అలా తీసినవే.

ఇంకో సంగతి, ఇది ఎక్కేముందే తెలుసుకోవాలి. చెరుకుతోటల యజమానుల దగ్గర్నించి పారిపోయిన బానిసలు ఈ కొండ గుహల్లో తలదాచుకునేవాళ్ళు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండ ఎక్కుతుంటే, పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని పైనున్న వాళ్ళు దూకేశారని జనం తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫిబ్రవరి 1 ఇక్కడ సెలవు. అందుకని పైన స్పీకరు పెట్టి పాటలు వినేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నీ స్నేహితురాళ్ళకి కూడా ముందే చెప్పు. రాయి ముక్కగానీ పువ్వుగానీ తేవద్దు. మీరొచ్చే నెలల్లో అక్కడ ఎర్రగా, చెవి లోలాకులా కిందికి వేలాడే పువ్వు పూస్తుంది. పేరు కూడా ఇక్కడివాళ్ళ భాషలో చెవిపోగే. అది ఈ దేశపు జాతీయ పుష్పం, అడవిలో సహజంగా ఈ ఒక్క కొండమీదే బతికుంది. నేను రెండేళ్ళు వెతికితే ఒక్కసారి కనిపించింది, అదీ చెయ్యి అందనంత దూరంలో.

ల పూస్ నాకు అన్నిట్లోకీ ఇష్టమైన కొండ. పూస్ అంటే బొటనవేలు. 812 మీటర్లు. సెయింట్ పియేర్ వైపు నించి వెళ్తే మొదట చెరుకుతోటలు, తర్వాత చిట్టడవి, తర్వాత గడ్డి మైదానం లాంటి భుజం, చివర నిటారుగా ఆ వేలు. వేలు మీదికి ఎక్కే ఆ కొద్ది మీటర్లూ చేతులు వాడాలి, మిగతాదంతా ఎవరైనా నడవచ్చు. గంటన్నర పడుతుంది. ఆగస్టులో కోతలు నడుస్తుంటాయి, చెరుకు లారీలు ఇరుకుదారుల్లో ఎదురొస్తాయి, పక్కకి తప్పుకోవాలి. గాలికి రాలిన చెరుకాకు వాసన వేస్తుంటే నాకు మన తణుకు ఫ్యాక్టరీ రోడ్డు గుర్తొస్తుంది.

1836 మే 2న చార్లెస్ డార్విన్ ఈ కొండ ఎక్కాడు. బీగిల్ ఓడ ఇంటికి తిరిగిపోతూ ఇక్కడ ఆగినప్పటి మాట. అతని వయసు అప్పుడు 27, నీకంటే ఒక ఏడాది పెద్ద. పోర్ట్ లూయిస్‌లో రోడ్డు పనులు చేస్తున్న ఇండియా ఖైదీలని చూసి వాళ్ళ గురించి కూడా రాసుకున్నాడు. పైకెళ్ళాక కిందికి చూడు: రేవు, ఓడలు, గుర్రప్పందేల మైదానం. ఆ రేవు అంచునే ఆప్రవాసీ ఘాట్ ఉంది, కూలీలని దించిన మెట్లతో. మన కాకినాడ పక్కన కోరంగి రేవు నించి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ళూ ఈ పోర్ట్ లూయిస్‌లోనే దిగారు. అందుకే తెలుగువాళ్ళని ఇక్కడ కొరింగీలు అనేవాళ్ళు. ఇప్పటికీ ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు. మా వీధి చివర ముసలావిడ, భాష దాదాపు మర్చిపోయినా, రామభజన మాత్రం గుక్క తిప్పుకోకుండా పాడుతుంది. ల పూస్ మీద కూర్చుని ఆ రేవుని చూసిన ప్రతిసారీ ఆవిడ ముత్తాత ఓడ దిగి మొదట తలెత్తి చూసింది ఈ వేలినే అయ్యుంటుందని నాకు అనిపిస్తుంది.

పక్కనే తలమీద గుండ్రాయి పెట్టుకున్న పీటర్ బోత్ కనిపిస్తుంది. గంధర్వకన్యల నాట్యం చూసి, ఎవరికీ చెప్పొద్దన్నా ఊళ్ళో చెప్పేసిన పాలవాడు రాయైపోయాడట, ఆ గుండు వాడి తలకాయట. నీ షీటులో దానికీ ఒక గడి ఉంది. తీసెయ్. అది తాళ్ళతో, తెలిసినవాళ్ళతో ఎక్కాల్సింది. దూరం నించి చూడ్డానికే బాగుంటుంది.

బ్లాక్ రివర్ గార్జెస్ అడవికి రెండు రోజులు ఇవ్వు. 1994లో నేషనల్ పార్కు చేశారు. ద్వీపంలో అన్నిటికంటే ఎత్తయిన 828 మీటర్ల శిఖరం అందులోనే ఉంది. పేరుకి ఎత్తయిందే గానీ కారు దిగే చోటే ఎత్తుమీద ఉంటుంది కాబట్టి నడక తేలిక. చివర్లో కాసేపు బురదలో తాళ్ళు పట్టుకుని లాక్కోవాలి. మీ తెల్లబూట్లు ఇంట్లో పెట్టండి. అరిగిన బూట్లూ వద్దు, అడుగున గాట్లు బాగా ఉన్నవి తెచ్చుకోండి. శిఖరం కంటే నాకు మకాబే అడవిదారే నచ్చుతుంది. పైనించి మొదలెట్టి లోయలోకి దిగి అవతలి గేటు దగ్గర తేలడం. పది కిలోమీటర్లుంటుంది. మావయ్య కారు తీసుకుని కింది గేటుకి వచ్చేస్తారు, ఆ దారికి ఆయన అంతవరకే. అక్కడి చిన్న డేగ, కెస్ట్రెల్ అంటారు, 1974లో అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయి. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలి మళ్ళీ వందల్లోకి తెచ్చారు. డోడోని పోగొట్టుకున్న దేశం కదా, ఆ బాధ ఉంటుంది. తలెత్తి నడుస్తూ ఉండు. కోతులు మాత్రం తల దించినా కనిపిస్తాయి. వ్యూ పాయింటు దగ్గర బ్యాగు జిప్పు తెరిచావో, నీ దాల్‌పూరీ పోయినట్టే. పోయినేడు నా చేతిలోంచి అరటిపండు లాక్కుని, నా ఎదురుగానే కూర్చుని, నాకంటే శుభ్రంగా వొలుచుకుని తిన్నది ఒకటి.

దారిలో ఫ్రెంచిలో 'షాస్' అని బోర్డు కనిపిస్తే ఆ గేటు దాటొద్దు. చలికాలంలో ప్రైవేటు ఎస్టేట్లలో జింకల వేట సాగుతుంది. అడ్డదారి బాగుంది కదా అని ఎవరో పెట్టిన మ్యాపు నమ్మి దూరకండి.

గాలి రోజున దక్షిణానికి పోదాం. ద్వీపం చుట్టూ చాలామటుకు పగడపు దిబ్బ గోడలా కాస్తుంటుంది, అందుకే బీచిల్లో నీళ్ళు బిందెలో నీళ్ళలా ఉంటాయి. సూయాక్ దగ్గర గ్రి గ్రిలో ఆ గోడ లేదు. సముద్రం నేరుగా వచ్చి నల్లరాతిని కొడుతుంది. ఒడ్డు కొండచరియ మీద గడ్డిలో నడుస్తుంటే కాళ్ళ కింద నేల అదిరినట్టుంటుంది. అక్కడ స్నానం మాట ఎత్తొద్దు, అంచుకి వెళ్ళొద్దు. కాస్త లోపలికొస్తే రోచెస్టర్ జలపాతం. చిన్నదే. కానీ నీళ్ళ వెనక రాయిని చూడు, పెన్సిళ్ళ కట్ట నిలబెట్టినట్టు పలకలు పలకలుగా ఉంటుంది. లావా నిదానంగా చల్లారి పగిలితే అలా అవుతుంది. పాత గ్రాన్ పోర్ దగ్గర లయన్ మౌంటెన్ కూడా తూర్పు తేటగా ఉంటే చూద్దాం. 480 మీటర్లే గానీ నిటారు, నీ స్నేహితురాళ్ళ మోకాళ్ళని బట్టి చెప్తాను.

ఏడు జలపాతాల లోయకి మాత్రం గైడు లేకుండా నేను పంపను. నీ పిన్నీ మావయ్యలందరితో చెప్పించినా పంపను. పైన మెట్టమీద వాన కురిస్తే కింద మనకి ఎండగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం ఒక్కసారిగా లేస్తాయి. ముందురోజు వానపడితే గైడు వస్తానన్నా మానేద్దాం.

తెచ్చుకోవాల్సినవి: తలొక్కరికి రెండు లీటర్ల నీళ్ళసీసా, పల్చటి వానకోటు, టోపీ, తోటపనికి వేసుకునే రబ్బరు అరచేతుల గ్లోవ్స్ (ల మోర్న్‌లో నాకు దండం పెడతావు). తిండికి మొయ్యక్కర్లేదు. పొద్దున్నే బస్టాండు దగ్గర గాతో పిమాలు వేడిగా వేస్తారు, మన మసాలావడకి ముద్దుల మనవడు. కాగితంలో కట్టించుకుని పోదాం. అంబులెన్సు నంబరు 114, ముగ్గురూ ఫోన్లలో వేసుకోండి.

వదినని ఆవకాయ పంపమను, ఎర్రది, వెల్లుల్లి వేసింది. సీసా మూతకి టేపు చుట్టమను.

విమానం దిగి బయటికి రాగానే ఉత్తరం వైపు కొండలు కనిపిస్తాయి. మాకు ట్రాఫిక్‌లో ఆలస్యమైతే అక్కడే ట్రాలీ పక్కన నించుని తలెత్తి చూడు. మబ్బు ఏ కొండమీద కూర్చుందో, కదులుతోందో లేదో ఫోను చేసి చెప్పు. మర్నాడు గాతో పిమాలు ఏ బస్టాండులో కొనాలో దాన్నిబట్టి చూస్తాను.

మీ
అత్తయ్య